గాలి పోసిన చేతులు

2018 జనవరిలో నేను న్యూజెర్సీలో మా అక్క ఇంట్లో ఉన్నాను. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. రెండో కాన్పుకి పెద్దమ్మకి వీసా రాలేదు. పీహెచ్‌డీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను కాబట్టి, "ఎలాగూ ఇంట్లో కూర్చుని రాసుకునేదేగా, అక్కడ కూర్చుని రాసుకో" అని నన్ను పంపించారు. ఆడపిల్ల చదువు ఎంత పెద్దదైనా బాలింత దగ్గర ఉండాల్సిన అవసరం ముందు అది ఎప్పుడూ కదిలించడానికి వీలైన పనే. ఆ మాటకి అప్పుడు కోపం వచ్చింది కానీ వెళ్ళాను. వెళ్ళకపోయి ఉంటే ఈ వ్యాసం లేదు.

బయట మోకాలి లోతు మంచు. అక్క వంటింట్లో గట్టు మీద మాత్రం పచ్చగా మెంతికూర, పుదీనా, తులసి. మట్టి లేదు. ఒక తెల్లటి ప్లాస్టిక్ పెట్టె, అందులో నీళ్ళు, మూతకి ఆరు కన్నాలు, పైన గొడుగులాగా ఒక దీపాల పలక. మంచంమీంచి లేవగానే మనం పొయ్యి వెలిగించినట్టు అక్క ముందు దాని మూత ఎత్తి వేళ్ళు చూసేది. తెల్లగా, దారప్పోగుల్లా వేలాడే వేళ్ళు. "వేళ్ళు తెల్లగా ఉన్నాయంటే పైన ఆకుని చూడక్కర్లేదే" అనేది.

నాకు నవ్వొచ్చేది. అక్క వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. 2009లో పెళ్ళై వచ్చింది, భర్త వీసా మీద ఆధారపడిన వీసాతో. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. 2015 మేలో నిబంధన కొంత మారి, గ్రీన్ కార్డు వరుసలో ఒక మెట్టు దాటిన వాళ్ళ భార్యలకి పని అనుమతి ఇవ్వడం మొదలెట్టారు. బావ మధ్యలో ఉద్యోగం మారడంతో ఆ మెట్టు మళ్ళీ మొదటికొచ్చింది. తొమ్మిదేళ్ళు. అంత చదువూ చదివి ఆరు కన్నాల పెట్టెలో మెంతికూర పెంచుకుంటోందని నా బాధ. "బోన్సాయ్ బ్రతుకు" చదివి పెరిగిన తరం కదా, ఇంట్లో బంధించిన మొక్క కనపడగానే మనకి స్త్రీ గుర్తొస్తుంది. అబ్బూరి ఛాయాదేవి గారి కథ ఇచ్చిన ఆ చూపు ఎంత విలువైనదో, దాన్నే ప్రతి కుండీకీ అతికించడం అంత సులువైన పని. నేను ఆ సులువైన పనే చేశాను. పెట్టెని చూశాను కానీ, దాని మీద అక్క చేతుల్ని చూడలేదు.

ఆ పెట్టె అప్పటికే పాత మోడలు. అమ్మిన కంపెనీ ఆ కొలతకి సరిపడే స్పాంజి ముక్కలూ బుట్టలూ తయారుచెయ్యడం మానేసింది. కొత్త మోడలు కన్నం వేరు, దాని బుట్ట ఇందులో పట్టదు. ఇలాంటి వాటికి బజారులో యాక్సెసరీలని పేరు. అదనపు సామాను. అవి లేకపోతే అసలు సామాను నడవదు, అయినా పేరు అదనపు సామానే. అక్క ఆ అదనాన్నంతా తనే చేసుకుంది. దగ్గుమందు సీసాల మీద వచ్చే చిన్న కొలత కప్పుల్ని దాచిపెట్టి, దబ్బనం పొయ్యి మీద ఎర్రగా కాల్చి వాటి అడుగునా పక్కలా కన్నాలు పొడిచేది. అది బుట్ట. ఎండాకాలంలో బాల్కనీలో పాకించిన నేతిబీర ముదిరిపోయాక ఆ పీచుని బిళ్ళలుగా కోసి ఉడకబెట్టి ఆరబెట్టేది. అది స్పాంజి. కాఫీ పొడి ప్యాకెట్‌కి లోపల వెండిలా మెరిసే పొర ఉంటుంది చూడండి, దాన్ని రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దగా గుండ్రంగా కత్తిరించి, మధ్యదాకా చీల్చి, మొక్క మొదలు చుట్టూ తొడిగేది. నీటికి వెలుగు తగిలితే పాచి పడుతుంది, పాచి పడితే మొక్క తిండి అది తింటుంది. అందుకని ఆ మూత. నీటి పులుపు చూడ్డానికి ఎర్ర క్యాబేజీ ఉడికించిన రసం. పసుపుతో చూడొచ్చు కదా అంటే, "పసుపు క్షారం పెరిగితేనే రంగు మారుతుంది. మనకి కావాల్సింది ఐదున్నరకీ ఆరున్నరకీ మధ్య, అక్కడ పసుపు పలకదు" అంది. నిమ్మరసం పిండితే పులుపు వస్తుంది కానీ రెండ్రోజులకి సూక్ష్మజీవులు దాన్ని తినేసి మళ్ళీ మొదటికి తెస్తాయట. ఇవన్నీ ఆమె పచారీ పద్దులు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో తేదీలతో సహా రాసిపెట్టుకుంది.

ఒకరోజు పంపు చచ్చిపోయింది. పెట్టె అడుగున చేపల తొట్టిలో ఉండేలాంటి ఒక చిన్న గాలి పంపు ఉంటుంది. వేళ్ళు మట్టిలో ఉన్నప్పుడు మట్టి రేణువుల సందుల్లోంచి గాలి పీలుస్తాయి. నిలవ నీటిలో ఆ గాలి త్వరగా అయిపోతుంది, వేళ్ళు గోధుమరంగుకి తిరిగి కుళ్ళిపోతాయి. కొత్త పంపు రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. బయట తుఫాను. అక్క ఒళ్ళో ఇరవై రోజుల బిడ్డ. "చెంబుతో ముంచి ఎత్తునుంచి పొయ్యవే, టీ చల్లార్చినట్టు" అంది. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట, పడుకోబోయేముందు ఇంకోసారి. నాలుగు రోజులు నేనే పంపుని. భుజం పీకేది. చేసిన పని కంటికి కనపడదు. మానేస్తే మాత్రం కనపడుతుంది.

ఆ నాలుగు రోజుల తర్వాతే నేను ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. నా సిద్ధాంత గ్రంథానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని అనుకుంటూనే.

నీటిలో మొక్కలు పెంచడం గురించి ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీ దాదాపు ఒకటే. 1699లో ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ పుదీనా జాతి మొక్కల్ని వాననీటిలో, థేమ్స్ నది నీటిలో, హైడ్ పార్కు కాలవ నీటిలో, తోటమట్టి కలిపిన నీటిలో పెంచి తూచాడు. మురికి ఎక్కువున్న నీటిలోనే మొక్క బాగా పెరిగింది. 1860 ప్రాంతంలో జర్మనీలో జూలియస్ ఫాన్ జాక్స్, విల్‌హెల్మ్ నాప్ ఏ లవణాలు ఎంతెంత కలిపితే మట్టి అవసరం లేకుండా మొక్క బతుకుతుందో లెక్క కట్టారు. తర్వాత అమెరికాలో గెరికె. ముగ్గురు నలుగురు మగవాళ్ళు, నాలుగు తేదీలు. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో మొక్కలు ఏ గిన్నెల్లో పెరిగాయి, ఆ గిన్నెలు ఎవరు కడిగారు అని అడిగే అలవాటు చరిత్రకారులకి లేదు. "మనకు తెలియని మన చరిత్ర" వచ్చి దాదాపు నలభై ఏళ్ళయింది, మనకి ఉండాలి.

ఆ ఖాళీలో మొదట కనపడేది గాజు సామాను. యూరపులో పద్దెనిమిదో శతాబ్దం నుంచే సంపన్నుల గదుల్లో హయసింత్ దుంపల్ని నీళ్ళ గాజుపాత్రల మీద పెట్టి చలికాలంలో పూయించేవారు. పాత్ర పైభాగం దుంప కూర్చోడానికి గిన్నెలా, కింద మెడ సన్నంగా, అడుగున వేళ్ళకి నీళ్ళు. వేళ్ళు దిగేదాకా దుంపని చీకటి అలమరలో ఉంచాలి. బయటికి తీశాక మొగ్గ ఆకుల మధ్యే ఇరుక్కుపోకుండా కాడ సాగాలంటే ఇంకొన్నాళ్ళు వెలుగు ఆపాలి. దానికి కాగితంతో శంఖం ఆకారంలో టోపీలు చుట్టి దుంపల మీద బోర్లించేవారు. గాజుపాత్రల్ని సేకర్తలు దాచుకున్నారు, వాటికి వేలంపాటల్లో ధరలున్నాయి. ఇంట్లో చుట్టిన కాగితపు టోపీ పూవు వచ్చాక పొయ్యిలోకి పోతుంది. మా అక్క కాఫీ ప్యాకెట్ మూతకి ఇంతకన్నా దగ్గరి పూర్వీకురాలు నాకు కనపడలేదు. రెండూ చేసేది ఒకటే, వెలుగుని ఎక్కడ ఆపాలో అక్కడ ఆపడం.

1829లో లండన్ తూర్పు భాగంలో నథానియల్ వార్డ్ అనే డాక్టరు ఒక చిమ్మట గూటిని తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించాడు. చిమ్మట సంగతి ఎలా ఉన్నా, అందులో ఒక ఫెర్న్ మొలిచింది. లండన్ పొగలో తోటలో బతకని ఫెర్న్ మూసిన గాజులో బతికింది. అలా పుట్టింది వార్డియన్ పెట్టె. 1833లో అలాంటి పెట్టెలు రెండు మొక్కలతో సిడ్నీకి ఓడెక్కాయి. ఆ తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి టీ మొక్కల్ని ఇండియాకి తెచ్చిందీ, సింకోనా నీలగిరులకి చేరిందీ ఈ పెట్టెల్లోనే. ఒకే పెట్టెకి రెండు బతుకులు. ఓడ మీద ఉంటే సామ్రాజ్యం, డ్రాయింగ్ రూములో ఉంటే ఆడవాళ్ళ కాలక్షేపం. ఓడ మీది పెట్టె మీద గ్రంథాలున్నాయి. ఇంట్లో పెట్టెకి 'ఫెర్న్ పిచ్చి' అని పేరు పెట్టారు. ఆడవాళ్ళు ఒక పని ఇష్టంగా చేస్తే పిచ్చి అనడం ఒక్క మన దగ్గరే కాదన్నమాట.

ఇక్కడ జేన్ లౌడన్ గురించి చెప్పకుండా ముందుకి పోలేను, సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి. ఆమె 1827లో పేరు లేకుండా ఒక నవల వేసింది, "ది మమ్మీ". కథ జరిగేది 2126లో. అందులో ఆవిరితో నడిచే నాగలి ఉంది. తోటల పత్రిక నడిపే జాన్ లౌడన్ అది చదివి, రచయిత మగవాడనుకుని మెచ్చుకుంటూ రాసి, కలవాలని ఆరాటపడ్డాడు. కలిశాక 1830లో పెళ్ళిచేసుకున్నాడు. ఆ తర్వాత ఆమె భర్త పుస్తకాలకి రాత్రుళ్ళు రాతపని చేసింది, 1840లో ఆడవాళ్ళకోసం తోటపని పుస్తకం రాసింది, 1843లో భర్త అప్పులు మిగిల్చి పోతే ఆ రాతతోనే ఇల్లు నడిపింది. మూడు వందల ఏళ్ళ తర్వాతి నాగలిని ఊహించిన మనిషి, పార ఎలా పట్టుకుంటే గౌను కొంగు చిక్కుకోదో చెప్పాల్సి వచ్చిందని మొదట నేను దిగులుపడ్డాను. తర్వాత అనిపించింది, రెండూ ఒకే బుర్రలోంచి వచ్చాయని. ఏది పెద్దపని, ఏది చిన్నపని అని విడదీసింది నేనే.

ఇక గాలి. అక్క పెట్టెలో పంపు చేపల తొట్టి నుంచి వచ్చిందన్నాను కదా. చేపల తొట్టి చరిత్రలో మొదట కనపడేది ఒక దర్జీ పనిమనిషి. జాన్ విల్‌ప్రో ఫ్రాన్సులో ఒక పల్లెలో 1794లో పుట్టింది, పారిస్‌కి నడిచి వెళ్ళి బట్టలు కుట్టడం నేర్చుకుంది, పవర్ అనే వర్తకుణ్ణి పెళ్ళాడి సిసిలీలో మెస్సీనాకి చేరింది. అక్కడ 1832లో, ఆర్గొనాట్ అనే సముద్రజీవి తన గుల్లని తనే కట్టుకుంటుందా, ఇంకోదాని గుల్లలో దూరుతుందా అన్న ప్రశ్నకి జవాబుకోసం గాజు తొట్టెలు తయారుచేయించుకుని వాటిని బతికించి చూసింది. తనే కట్టుకుంటుంది. ఆమె సేకరించినవాటిలో చాలా భాగం ఓడ మునిగి పోయింది.

ఆ తర్వాత ఆనా థిన్. లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో ఒక పెద్ద మతాధికారి భార్య. 1846లో టార్కీ సముద్రతీరం నుంచి కొన్ని పగడపు జీవుల్ని జాడీలో ఇంటికి తెచ్చుకుంది. లండన్‌లో సముద్రపు నీరు రోజూ ఎక్కడ దొరుకుతుంది? ఉన్న నీటినే గాలి కలిపి వాడాలి. దానికి ఆమె కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, ఇంట్లో పనిమనిషి తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, మళ్ళీ మొదటి దాన్లోకి, రోజూ అరగంటకు పైగా ఎత్తిపోయడం. ఆ జీవులు ఏళ్ళ తరబడి బతికాయి, పిల్లల్ని పెట్టాయి. 1859లో ఆనా పరిశీలనలు అచ్చయ్యాయి. ఆ పనిమనిషి పేరు అందులో లేదు.

ఇది చదివినప్పుడు నేను న్యూజెర్సీలోనే ఉన్నాను, భుజం నొప్పి ఇంకా పోలేదు. నా నాలుగు రోజులకి ఇంత రాద్ధాంతం చేస్తున్నాను. ఆ అమ్మాయి లండన్ చలిలో కిటికీ తెరుచుకుని రోజూ పోసింది. అలిసిపోయి ఒకరోజు తక్కువ పోసిందా? ఆ జీవులంటే ఇష్టం పుట్టిందా, తిట్టుకుందా? యజమానురాలూ స్త్రీయే, గుర్తింపు రాని స్త్రీయే. అయినా ఆమె శ్రమకి అడుగున ఇంకో స్త్రీ శ్రమ ఉంది. ఈ మెట్టుని మన స్త్రీవాద చర్చల్లో దళిత స్త్రీలు ఎన్నోసార్లు గుర్తుచేశారు. నాకు మాత్రం అది పుస్తకంలో చదివిన విషయంగానే ఉండేది. హైదరాబాదులో మా ఇంట్లో నా సిద్ధాంత గ్రంథం రాస్తున్నన్నాళ్ళూ గిన్నెలు తోమిన ఆవిడ పేరు నా కృతజ్ఞతల పేజీలో లేదు. తర్వాత చేర్చాను. చేర్చినందువల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదని కూడా తెలుసు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త, తొట్టిలో చేపలతోపాటు నీటిమొక్కలు కూడా ఉంటే గాలి సమతూకంగా ఉంటుందని చూపించాడు. పనిమనిషి చేతులకి బదులు ఆకులు. ఈయన మనవరాలు కాథరిన్ వారింగ్టన్ ఈ కథలో ఇంకో ముఖ్యమైన మనిషి కావడం నాకు వింతగా అనిపిస్తుంది.

ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి 1906లో వినిఫ్రెడ్ బ్రెంచ్‌లీ వచ్చింది. అక్కడ శాస్త్రవేత్తగా అడుగుపెట్టిన మొదటి స్త్రీ. నీటి జాడీల్లో మొక్కలు పెంచి, ఏ ధాతువు ఎంత ఉంటే మేలు, ఎంతైతే విషం అని ఏళ్ళ తరబడి చూసింది. 1948 దాకా అక్కడే పనిచేసింది. ఆమె విభాగంలోనే పనిచేసిన కాథరిన్ వారింగ్టన్, 1923లో బోరాన్ లేకపోతే చిక్కుడు జాతి మొక్క బతకదని నిరూపించింది. మిగతావన్నీ ఇచ్చినా, బోరాన్ లేకపోతే చిగురు మాడిపోతుంది. కావాల్సింది అతి కొద్ది, నీటిలో చిటికెడులో చిటికెడు. ఆ కొద్దీ పెరిగితే అదే విషం. మట్టిలో అయితే ఇది కనిపెట్టడం కష్టం, మట్టిలో అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. నీటి జాడీలో మాత్రమే లేమిని చూడగలం. అయితే ఆ జాడీ శుభ్రంగా ఉండాలి. గాజులోంచి కూడా కాస్త బోరాన్ నీటిలోకి దిగుతుంది. అంటే కడగడం, తుడవడం, మళ్ళీ కడగడం, ఏది దేన్ని అంటుకుందో గమనించడం. మన వంటింట్లో మడి గురించి మనం చాలా విసుక్కున్నాం, విసుక్కోవాలి కూడా. కానీ ప్రయోగశాలలో అంతకన్నా కఠినమైన అంటూ సొంటూ ఉంటుందని, అందులోంచి ఒక ధాతువు అవసరం బయటపడిందని చదివితే నవ్వు వచ్చింది.

ఇవాళ ఏ దుకాణంలో పోషక ద్రావణం సీసా కొన్నా వెనక పట్టీ మీద బోరాన్ ఉంటుంది. అక్క గట్టు మీది సీసాలోనూ ఉంది. ఆ పేరు వెనక కాథరిన్ ఉందని అక్కకి చెప్పాను. "ఎమ్మెస్సీలో బోరాన్ లోప లక్షణాలు రాశాను, పది మార్కుల ప్రశ్న. ఎవరు కనిపెట్టారో అడగలేదు" అంది.

ఇప్పుడు గెరికె. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం గెరికె 1929 నుంచి ప్రయోగశాలలోని జాడీని పంటగా మార్చే ప్రయత్నం చేశాడు. పాతికడుగుల టమాటా తీగలు పెంచి, నిచ్చెన వేసుకుని కాయలు కోస్తూ ఫొటోలు తీయించుకున్నాడు. 1937లో దానికి హైడ్రోపోనిక్స్ అన్న పేరు వాడాడు, ఆ మాట సూచించింది తోటి శాస్త్రవేత్త సెట్చెల్. నన్ను ఆపింది తీగలు కాదు, ఆ తర్వాతి తగాదా. విశ్వవిద్యాలయం ద్రావణం వివరాలు ఇమ్మంది. ఇవ్వనన్నాడు. ఇదంతా నేను నా ఇంట్లో, నా సొంత సమయంలో చేసుకున్నాను కాబట్టి నాదే అన్నాడు. చివరికి ఉద్యోగం వదిలాడు, 1940లో సొంతంగా పుస్తకం వేశాడు. విశ్వవిద్యాలయం ఈలోగా హోగ్‌లాండ్, ఆర్నన్‌లకి పని అప్పగించి, 1938లో అందరూ వాడుకోగలిగేలా సూత్రాన్ని అచ్చువేసింది. అదే ఇప్పటికీ వాడుకలో ఉన్న హోగ్‌లాండ్ ద్రావణం.

ఇంట్లో, సొంత సమయంలో చేశాను కాబట్టి నాది. ఈ మాట ఒక మగవాడు అంటే అది హక్కు. అదే మాట ఒక స్త్రీ విషయంలో అంటే, ఇంట్లో ఖాళీ సమయంలో చేసుకుంది కాబట్టి అది పనే కాదు. స్త్రీకి సొంత సమయం అంటూ ఎప్పుడుందన్న ప్రశ్న పక్కన పెట్టినా, ఒకే స్థలం ఒకరికి ఆస్తినీ ఇంకొకరికి అనామకత్వాన్నీ ఎలా ఇస్తుందో నాకు ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడలేదు.

యుద్ధకాలం గురించి ఎక్కువ చెప్పను. పసిఫిక్‌లో వేక్ దీవి, అట్లాంటిక్‌లో అసెన్షన్ దీవి, మట్టి లేనిచోట సైనికులకీ విమాన ప్రయాణికులకీ కూరగాయలు. సిమెంటు తొట్లు, పంపులు, ఖర్చు. మనకి దగ్గరి విషయం కాలింపాంగ్‌ది. డార్జిలింగ్ కొండల్లో 1946 నుంచి షోల్టో డగ్లస్ అనే అధికారి ఈ యంత్రాలన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో చూశాడు. రాతిచిప్పలూ ఇసుకా కలిపిన తొట్టి, పొడిగా చల్లే ఎరువులు, చేత్తో పోసే నీళ్ళు. 1951లో వచ్చిన ఆయన పుస్తకం పేరు "హైడ్రోపోనిక్స్: ది బెంగాల్ సిస్టమ్". అసలు యంత్రం అనుకున్నదంతా అదనపు సామానేనని, చేత్తో చేసేదే అసలని మొదటిసారి ఒక పద్ధతిగా రాసింది మన నేల మీదే.

ఆ పద్ధతి ఆడవాళ్ళ చేతుల్లో ఏమైందో చూడాలంటే కొలంబియా వెళ్ళాలి. బొగోటా నగరం దక్షిణపు కొండల మీద హెరుసలేన్ అనే పేదల బస్తీ ఉంది. 1980లలో అక్కడ నూరుకి పైగా కుటుంబాలు, ఎక్కువగా స్త్రీలు, ఇంటి కప్పుల మీదా వాకిళ్ళలోనూ మట్టిలేని సాగు చేశారు. గావియోటాస్ అనే సంస్థ ఇంజినీర్లు పద్ధతి చెప్పారు. సామాను మాత్రం బస్తీదే. పారేసిన చెక్క పెట్టెలు, వాటిలో పరిచిన నల్ల పాలిథిన్, పాత టైర్లు, వడ్ల ఊక. ఊక మనకి తెలిసిందే, కొత్త ఊకలో మిగిలిన గింజలు మొలుస్తాయి, పులిసి వేడెక్కుతుంది. అందుకని ముందే నానబెట్టి పులియనిచ్చి కడిగి వాడాలి. ఆ కూరలు తిన్నారు, సహకార సంఘం పెట్టి నగరంలో సూపర్ మార్కెట్లకి అమ్మారు. ఈ అనుభవాల మీద 1993లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ స్పానిష్‌లో ఒక కరదీపిక వేసింది. అందులో థర్మోకోల్ పలకకి కన్నాలు చేసి, స్పాంజి ముక్కల్లో లెట్యూస్ మొలకలు గుచ్చి, నీటి మీద తేల్చే పద్ధతి ఉంది. పంపు లేదు. రోజూ చేత్తో నీటిని కలిపి నురగ వచ్చేలా చెయ్యాలని చెప్తారు. మళ్ళీ చేతులే. కాకపోతే ఈసారి ఆ నీళ్ళూ ఆ కూరా ఆ డబ్బూ కూడా ఆ చేతులవే. లండన్ కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మాయికీ వీళ్ళకీ అదే తేడా.

ఆ తర్వాత కాలం మనకి తెలిసిందే. 2006లో అమెరికాలో ఏరోగార్డెన్ అనే గట్టు మీది పెట్టె వచ్చింది, గింజలతో సహా బిళ్ళలు అమ్మే పద్ధతి అక్కణ్ణుంచి పాకింది. 2009లో న్యూయార్కులో బ్రిటా రైలీ వాళ్ళు నీళ్ళ సీసాల్ని కోసి ఒకదాని కింద ఒకటి కిటికీలో వేలాడదీసి, ఎలా చేశారో అందరికీ చెప్పి, ఎవరు ఏ భాగాన్ని బాగుచేసినా మళ్ళీ అందరితో పంచుకోమన్నారు. ఏరోగార్డెన్ మూసేస్తున్నామని ఆ కంపెనీ 2024లో ప్రకటించింది, తర్వాత మళ్ళీ తెరుచుకుంది. మధ్యలో పెట్టెలున్నవాళ్ళంతా బిళ్ళలెక్కడ దొరుకుతాయని కంగారుపడి ఉంటారు. అప్పుడు నాకు అక్క దబ్బనం గుర్తొచ్చింది.

ఆ ఏడాది సంక్రాంతికి బావ స్నేహితులు బిడ్డని చూడ్డానికి వచ్చారు. వంటింట్లో పెట్టె చుట్టూ మూగారు. బావ మంచివాడే. "మేం ఇంట్లోనే హైడ్రోపోనిక్స్ చేస్తున్నాం" అని చెప్పాడు. 'మేం' అన్నాడు, అది నిజం చెప్పాలి. ఒకాయన ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉంది. దగ్గుమందు కప్పుని తిప్పి తిప్పి చూసి, కాఫీ మూతని ఫొటో తీసుకుని, ఎన్ని కన్నాలు, ఎంత దూరం, అడుగున ఎందుకు తక్కువ అని అడిగాడు. అక్క బిడ్డకి పాలిస్తూ లోపలి గదిలోంచే జవాబులు చెప్పింది. నెల తిరగకుండా ఆ బుట్టా ఆ మూతా కొలతలతో సహా అందరూ దింపుకునే చోట కనపడ్డాయి, ఆయన పేరుతో. బావే చూపించాడు, సంతోషంగా. "చూశావా, నీ ఐడియా ఎక్కడికి వెళ్ళిందో!"

నేను గొంతు పెంచాను. అక్క ఆపింది. "పోన్లేవే. అడుక్కి కన్నాలు తక్కువ ఎందుకో ఆయన సరిగ్గా రాయలేదు చూడు. మొలక వేరు సన్నగా ఉన్నప్పుడు పీచు మరీ తడిసిపోకూడదని. అది రాసుంటే బాగుండేది." ఆమెకి పేరు కన్నా ఆ కారణం పోవడం బాధగా ఉంది. నేను పేరు గురించే పోట్లాడుతున్నాను. ఇద్దరిలో ఎవరు సరి అని నాకు ఇప్పటికీ తేలలేదు. పేరు అక్కర్లేదనడం ఉదారత అనుకుందామంటే, అక్కర్లేదనడం ఆమెకి ఎవరు ఎప్పుడు నేర్పారన్న ప్రశ్న వదలదు.

నా సిద్ధాంత గ్రంథం ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలోని తెలుగు స్త్రీల పత్రికల మీద. హిందూసుందరి, గృహలక్ష్మి లాంటివి. వ్యాసాలు, కథలు, ఉత్తరాలు అన్నీ నకలు రాసుకున్నాను. ఇంటి విషయాల పేజీలు వచ్చినప్పుడు నోట్సులో "గృహ నిర్వహణ, అప్రధానం" అని రాసి పేజీ తిప్పేశాను. నాలుగేళ్ళ నోట్సులో ఆ మాట ఎన్నిసార్లు ఉందో తిరిగొచ్చాక లెక్కపెట్టి మధ్యలో ఆపేశాను. స్త్రీలు స్వేచ్ఛ గురించి రాసిన చోట ఆగి, చేతులతో ఏం చేశారో రాసిన చోట ఆగకుండా వచ్చిన పరిశోధన అది. గ్రంథం సమర్పించే గడువు దగ్గరపడింది, ఒక అధ్యాయం కొత్తగా రాసే వ్యవధి లేదు. అలాగే సమర్పించాను. డిగ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ పేజీలకోసం మళ్ళీ గ్రంథాలయాల చుట్టూ తిరుగుతున్నాను, కొన్ని సంచికలు ఈలోపు చెదలుపట్టాయి.

బయల్దేరే ముందురోజు అక్క పద్దుల పుస్తకం వెనక పేజీలన్నీ ఫొటోలు తీసుకున్నాను. ముందుపేజీ సిరా వెనక్కి దిగి, క్యాబేజీ రసం రంగుల వరుస మీద "కందిపప్పు 4, ఇంగువ" అని తిరగబడి కనిపిస్తుంది. "అది ఎందుకే" అని నవ్వింది. 2019లో ఆమెకి పని అనుమతి వచ్చింది. ఇప్పుడు ఒక కాలేజీ జీవశాస్త్రం ల్యాబులో పనిచేస్తోంది, జాడీలు కడగడం, ద్రావణాలు కలపడం, పిల్లలకి చూపించడం. ఇంట్లో పెట్టె పంపు మళ్ళీ పాడైంది కానీ ఈసారి కొనలేదు. నీళ్ళు నిండా పొయ్యకుండా, తగ్గేకొద్దీ పై వేళ్ళకి గాలి తగిలేలా వదిలేస్తోంది. అదొక పద్ధతేనట, హవాయిలో క్రాట్కీ అనే ఆయన దాని మీద ఏళ్ళ తరబడి పనిచేశాడని ఫోనులో చెప్పింది. ఈ వేసవిలో నేను మళ్ళీ వెళ్తున్నానని తెలిసి జాబితా పంపింది. ఆవకాయ, చిన్నదానికి పట్టులంగా, దబ్బనాలు రెండు సైజులవి, కాఫీ ప్యాకెట్లు. ప్యాకెట్లు ఖాళీవైనా పర్వాలేదు, మడత పడకుండా తెమ్మంది.